మీ ఇష్టమండి

నా ఉద్యోగంలో నేను రాసిన అబద్ధాల్లో అన్నిటికన్నా చిన్నది రెండు మాటలు. "ఓనర్ ఒప్పుకున్నారు." ఎక్సెల్ షీట్‌లో ఒక గడిలో రాశాను. రాసి, ఆ గడికి ఆకుపచ్చ రంగు కూడా వేశాను.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను కంప్యూటర్లు చూసే మనిషిని. చూడటమంటే ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం దగ్గర్నుంచి, సర్వర్ గదిలో ఏసీ కారితే కింద బకెట్ పెట్టడం దాకా అన్నీ. పాలకొల్లు, మండపేటల్లోనూ ఇంకా రెండు ఊళ్లలోనూ మా ఆసుపత్రికి చిన్న శాఖలున్నాయి. అక్కడి బల్లల మీద ఉండేవి తెర, కీబోర్డు మాత్రమే. అసలు కంప్యూటర్లన్నీ రాజమండ్రిలో మా సర్వర్ గదిలోనే నడిచేవి.

ఆ గదిలో ఉన్నవి ఆరే ఆరు పెద్ద మెషిన్లు. వాటి లోపల వందకు పైగా కంప్యూటర్లు ఉండేవి. వాటిని వర్చువల్ మెషిన్లంటారు. పెట్టె ఉండదు, ఫ్యాను ఉండదు. ఆన్ చేస్తే కంప్యూటరు, ఆఫ్ చేస్తే ఒక పెద్ద ఫైలు. మా అమ్మకు ఇది వివరించబోతే, "అయితే లేని కంప్యూటర్లకి కాపలా కాసే ఉద్యోగమా నీది" అంది. ఇప్పటిదాకా నా ఉద్యోగం గురించి అంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

ఆ ఆరు మెషిన్లూ కలిసి ఒక క్లస్టర్, అంటే ఒక జట్టు. జట్టు ముసలిదైపోయింది. విశాఖపట్నంలో ఒక డేటా సెంటర్లో కొత్త జట్టును అద్దెకు తీసుకుని, వందకు పైగా ఉన్న ఈ లేని కంప్యూటర్లన్నిటినీ అక్కడికి మార్చమని నాకు చెప్పారు. ఒకే జట్టులో అయితే మెషిన్‌ను నడుస్తుండగానే ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరపొచ్చు, వాడేవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఇవి రెండు వేరు వేరు జట్లు, ఒకదాని డిస్కులు ఇంకోదానికి కనపడవు. అందుకని ఒక్కో మెషిన్‌నూ ఆపి, కాపీ తీసి, అక్కడికి పంపి, అక్కడ నిలబెట్టాలి. అక్కడ బాగా నడుస్తోందని తేలాక ఇక్కడి పాతదాన్ని చెరిపేయాలి. తేలడానికి పదిహేను రోజులు ఆగాలని నియమం పెట్టింది కూడా నేనే.

పనికంతటికీ ఒక షీట్ తయారు చేసుకున్నాను. వరుసకొక మెషిన్. మెషిన్ పేరు, ఎప్పుడు మారుస్తాం, దాని ఓనర్ ఎవరు, ఓనర్ ఒప్పుకున్నారా. ఓనర్ అనేది మా భాషలో ఒక వింత మాట. ఆ మెషిన్ మీద రోజూ పని చేసే నర్సో, మందుల కొట్టు మనిషో ఓనర్. వాళ్లకు దాని మీద ఏ హక్కూ ఉండదు. ఏదైనా చెడితే మాత్రం ఓనర్ ఎవరని అడుగుతారు.

ఒప్పుకుంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ప్రతి శుక్రవారం ఆ షీట్‌ను పెద్దవాళ్లకు పంపేవాణ్ణి. మొదటి మూడు వారాలూ అంతా ఆకుపచ్చే. "వెరీ గుడ్" అని జవాబొచ్చేది. నలభై దాటిన మనిషిని, ఆ రెండు మాటల కోసం శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ణని చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నాలుగో వారంలో ఒకే ఒక్క గడి ఖాళీగా మిగిలింది. పాలకొల్లు శాఖలో వినికిడి పరీక్షల మెషిన్.

దాని ఓనర్ ఆ శాఖలో పిల్లలకు చెవి పరీక్షలు చేసే ఆవిడ. అప్పటికి నేను ఆవిణ్ణి రెండుసార్లే చూశాను. చప్పుడు చొరబడని చిన్న గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా ఒక గోళీ డబ్బాలో వెయ్యమనేవారు. ఏ శబ్దం దగ్గర పిల్ల గోళీ వేసిందో, ఎక్కడ వెయ్యకుండా ఊరుకుందో కంప్యూటర్లో గీతగా వచ్చేది. కుడి చెవికి ఎర్ర గీత, ఎడమ చెవికి నీలం గీత. అవే గీతలు ఒక అట్టముక్క మీద రంగు పెన్సిళ్లతో చేత్తో కూడా గీసి తల్లిదండ్రులకు ఇచ్చేవారు. కంప్యూటర్లో ఉంటుంది కదండీ, మళ్లీ చేత్తో ఎందుకని అడిగితే, "వాళ్లింట్లో కూడా ఒకటి ఉండాలి కదండీ" అన్నారు. ఆరేళ్ల గీతలు అలా పోగయ్యాయి. పోయినేడాది గీత పక్కన ఈ ఏడాది గీత పెట్టి చూస్తేనే పిల్లకు చెవి మిషను పనికొస్తోందో లేదో తెలిసేది. ఆ పద్ధతి చూసే, రాజమండ్రిలో కొత్తగా పెట్టబోయే వినికిడి కేంద్రానికి ఆవిణ్ణి ఇన్‌ఛార్జిగా తీసుకొద్దామని పెద్దవాళ్లు అనుకుంటున్నారు. ఆ మాట నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు.

గురువారం పొద్దున్న ఫోన్ చేశాను. శనివారం మధ్యాహ్నం ఓపీ అయ్యాక మీ మెషిన్ మార్చేస్తామండీ, సోమవారం మీరొచ్చేసరికి అంతా మామూలే అన్నాను.

"అలాగాండీ," అన్నారు. తర్వాత, "ఆ రెండో డ్రైవ్‌లో పిల్లల గ్రాఫులన్నీ ఉన్నాయండి. అవి కూడా వస్తాయంటారా?" అన్నారు.

"మెషిన్ మెషినంతా వస్తుందండి."

"అంతేలెండి, మీకు తెలీదా. అప్పట్లో అది పెట్టినాయన ఆ డ్రైవ్ వేరేగా పెట్టానని ఏదో అన్నారండి. నాకు సరిగ్గా అర్థం కాలేదనుకోండి. ఒక్క వారం ఆగితే ఆదివారం కూర్చుని వేరేగా కాపీ చేసుకుందునేమో... మీకు ఇబ్బందవుతుందేమోలెండి."

"ఈ వారం అనుకున్నవన్నీ అయిపోతున్నాయండి, ఇదొక్కటే మిగిలింది."

"అలాగాండీ. సరే, మీ ఇష్టమండి."

మీ ఇష్టమండి. ఈ మాట గురించి కొంచెం చెప్పాలి. నాది మండపేట దగ్గర పల్లెటూరు. మా వైపు ఎవరూ మొహం మీద కాదనరు. ఇవ్వడం కుదరదని చెప్పడానికి "చూద్దామండి" అంటారు. రామని చెప్పడానికి "వీలు చూసుకుని వస్తామండి" అంటారు. ఇక వద్దంటే వద్దు, ససేమిరా వద్దు అని చెప్పడానికి "మీ ఇష్టమండి" అంటారు. నా చిన్నప్పుడు మా నాన్న గేదెను అమ్మేస్తానన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా "మీ ఇష్టమండి" అంది. బేరగాడు వచ్చి కాఫీ తాగి ఒట్టి చేతులతో వెళ్లాడు. ఇంకో ఆరేళ్లు ఆ గేదె పాలే తాగాం.

అంటే ఆవిడ ఏమన్నారో నాకు అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. ఇంకో ఊరి మనిషినైతే ఆ సాకు దక్కేది. ఫోన్ పెట్టేసిన మరుక్షణం నాకు తెలుసు, ఆవిడ వద్దన్నారని. తెలిసీ, ఆ మాటలో పైకి కనపడే అర్థాన్ని మాత్రం తీసుకుని "ఓనర్ ఒప్పుకున్నారు" అని రాసుకున్నాను. షీట్ నిండా పచ్చగా ఉంది. మర్నాడు "వెరీ గుడ్" వచ్చింది.

శనివారం మధ్యాహ్నం మెషిన్ మారింది. ఆ రోజు మార్చినవాటి చిట్టా చివర్లో పసుపు రంగులో కొన్ని హెచ్చరికలొచ్చాయి. పసుపు హెచ్చరికలు రోజూ వచ్చేవే. ఎరుపైతేనే చదివేవాణ్ణి.

సోమవారం పదకొండింటికి ఆవిడ ఫోన్ చేశారు. నేను వేరే పనిలో ఉండి తియ్యలేదు. తర్వాత మెసేజ్ వచ్చింది. "నమస్తే అండి. వీలున్నప్పుడు ఒకసారి ఫోన్ చేస్తారా అండి. అర్జెంటేం కాదండి." ఈ మాటకు కూడా మా వైపు అర్థం నాకు తెలుసు. నిజంగా అర్జెంటు కాని పనికి మా వాళ్లు అసలు ఫోనే చెయ్యరు. అయినా అర్జెంటు కాదన్నారు కదా అని పక్కన పెట్టాను.

మంగళవారం ఎక్స్‌రే బొమ్మలు దాచే పెద్ద మెషిన్‌ను మార్చాల్సి వచ్చింది. దాన్ని కాపీ తియ్యడానికి పాత జట్టులో చోటు చాల్లేదు. అప్పటికే మారిపోయినవి కొన్ని ఆఫ్ చేసి ఉన్నాయి కదా, వాటిని చెరిపేస్తే చోటొస్తుంది. పదిహేను రోజుల నియమం నాదే, నేనే సడలించుకున్నాను. పాలకొల్లు మెషిన్ వాటిలో మూడోది. నిజంగా చెరిపేయమంటారా అని అడిగితే అవునని నొక్కాను.

బుధవారం పొద్దున్న తీరిక దొరికి ఫోన్ చేశాను.

"ఏం లేదండి, పిల్లల పేర్లన్నీ ఉన్నాయి గానీ పేరు నొక్కితే గ్రాఫ్ రావట్లేదండి. తెల్లగా వస్తోంది. నేనేదన్నా తప్పు నొక్కానేమోనని నిన్నంతా చూశానండి," అన్నారు.

అప్పుడు చదివాను ఆ పసుపు అక్షరాలు. మెషిన్‌కు రెండు డిస్కులు. పేర్లు మొదటి దాంట్లో, గీతలు రెండో దాంట్లో. రెండో డిస్కును కాపీల్లో కలపకూడదని ఆ పెట్టినాయన ఎప్పుడో ఒక గుర్తు పెట్టి వదిలేశాడు. అందుకని కాపీ దాన్ని దాటేసి వెళ్లింది. దాటేశానని నాకు చెప్పింది కూడా. రోజూ తీసే బ్యాకప్ సంగతి చూస్తే అదీ అంతే, ఇన్నేళ్లూ ఆ డిస్కును ముట్టుకోలేదు. ఆ గీతలు ఉన్న ఒకే ఒక్క చోటు నేను ముందురోజు చెరిపేసిన మెషిన్. సోమవారం పదకొండింటికి ఆ ఫోన్ తీసి ఉంటే అవి ఉండేవి. 

రెండు రోజులు ఎవరెవర్నో అడిగాను, ఆ డిస్కు మీద ఏదైనా మిగిలిందేమోనని వెతికించాను. దాని మీద అప్పటికే ఎక్స్‌రే బొమ్మలు కూర్చున్నాయి.

శుక్రవారం వీడియోలో మీటింగు పెట్టారు. మా అడ్మినిస్ట్రేటర్ గారు ఈ వైపు మనిషి కాదు. ఎన్నో ఊళ్లు తిరిగి వచ్చారు, తెలుగు ఉద్యోగం కోసం నేర్చుకున్నారు. చెడ్డ మనిషేం కాదు, కాగితం మీద ఏముంటే అదే చూస్తారు. షీట్ తెరిచి ఆ వరుస దగ్గర ఆగారు.

"ఇక్కడ ఓనర్ ఒప్పుకున్నారు అని ఉంది," అన్నారు. "మేడమ్, మీరు ఎస్ అన్నారా, నో అన్నారా?"

ఆవిడ పాలకొల్లులో తన గదిలో కూర్చుని ఉన్నారు. వెనకాల గోళీల డబ్బా కనపడుతోంది. "మీ ఇష్టమండి అన్నానండి," అన్నారు.

"మీ ఇష్టం అంటే ఎస్సే కదా?"

ఆవిడ కెమెరా వైపు చూశారు. తెర మీద అందరి మొహాలూ ఉంటాయి కాబట్టి ఆవిడ చూసింది నన్నేనని రుజువు లేదు. కానీ ఆ మీటింగులో ఆవిడ కాక ఆ మాటకు అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "కాదండి, మా వైపు ఆ మాటకు వద్దనే అర్థం, నాకు ఆ రోజే తెలుసు" అని చెప్పడానికి నాకు ఎంత టైము కావాలి? చెప్పలేదు.

తర్వాత నన్ను అడిగారు. "రెండో డ్రైవ్ సంగతి మీకు ముందే తెలుసా?"

"స్పష్టంగా నా దృష్టికి రాలేదండి," అన్నాను.

ఆ "స్పష్టంగా" అన్న మాటను నేను ఎక్కడి నుంచి తెచ్చానో నాకు తెలియదు. అబద్ధమని ఎవరూ పట్టుకోలేరు. నిజమని నేను అనుకోలేను. ఆవిడ తల దించుకుని ఏదో కాగితం సర్దుకున్నారు. నేను మాత్రం చిట్టా ఎవరూ అడగనందుకు లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాను. ఆ పసుపు అక్షరాల చిట్టా నెల తర్వాత తనంతట తనే పోయింది. పోతుందని తెలిసి, పోయేదాకా ఊరుకున్నాను.

మార్చడానికి ఒప్పుకుని కూడా కాపీ తీసుకోలేదని, రికార్డుల విషయంలో అజాగ్రత్త అని ఆవిడకు మెమో వచ్చింది. మెమో ఉన్నవాళ్లను ఇన్‌ఛార్జి చెయ్యకూడదట. రాజమండ్రి కేంద్రానికి వేరే ఊరి నుంచి ఎవరినో తెచ్చారు. ప్రారంభం రోజున వాళ్ల కంప్యూటర్లు బిగించింది నేనే. అందరికీ స్వీట్లు పంచారు. నా వంతు జేబులో పెట్టుకుని, ఇంటికి రాగానే చెత్తబుట్టలో పడేశాను.

రెండు నెలలు గడిచాక ప్రింటర్ వంక పెట్టుకుని పాలకొల్లు వెళ్లాను. రావులపాలెం దాటి, సిద్ధాంతం వంతెన మీదుగా, పెనుగొండ, మార్టేరు దాకా బస్సులో కూర్చుని ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. వెళ్లేసరికి ఆవిడ ఫోన్లో ఉన్నారు. నన్ను చూసి కూర్చోమని సైగ చేశారు.

"మా వల్ల పొరపాటు జరిగిందండి. మీ బాబు కార్డు మీ దగ్గరుంటే, వచ్చేటప్పుడు ఒకసారి తెస్తారా అండి? ఫొటో తీసుకుని ఇచ్చేస్తానండి."

తల్లిదండ్రులకు చేత్తో గీసిచ్చిన అట్టముక్కలవి. ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి వాటిని వెనక్కి తెప్పించుకుని, ఒక్కో చుక్కా చూసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. బల్ల మీద ఒక బొత్తి ఉంది. కొన్ని తడిసి రంగులు కలిసిపోయాయి, ఏది కుడి చెవో ఏది ఎడమ చెవో తెలియడం లేదు. ఒకదాని వెనకాల ఎవరో పాల లెక్క రాసుకున్నారు. కొన్ని ఇళ్లలో పారేశారట. ఆ పిల్లలకు పాత గీత లేదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. "మా వల్ల" అని ఆవిడ ఎన్ని ఇళ్లకు చెప్పి ఉంటారో లెక్కపెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

కాఫీ తెప్పించారు. కూడబలుక్కున్నదంతా మర్చిపోయి, "ఆ రోజు మీటింగులో నేను చెప్పాల్సిందండి," అన్నాను.

"పర్లేదండి. మీరేం కావాలని చేశారా," అన్నారు.

నేను ఆ పర్లేదును పట్టుకుని బయటపడ్డాను. ఇంకో మాట మాట్లాడి ఉంటే, రేపే వెళ్లి అడ్మినిస్ట్రేటర్ గారికి చెప్తానని నేను అనాల్సి వచ్చేది. ఒక గంట కూర్చుని కార్డుల మీది అంకెలు చదివాను, ఆవిడ ఎక్కించారు. ఆ గంటతో ఏదో తీర్చేశానన్నట్టు సాయంత్రం బస్సులో హాయిగా నిద్రపోయాను కూడా. అది తల్చుకుంటే మిగతా అన్నిటికన్నా ఎక్కువ ఒళ్లు మండుతుంది నాకు.

తర్వాత ఏడాదిన్నరకు విశాఖపట్నం అద్దె ఒప్పందం మార్చుకున్నారు. మళ్లీ మెషిన్లన్నీ ఇంకో జట్టుకు మారాలి. మళ్లీ షీట్. పాత షీట్‌నే కాపీ చేసి, రంగులు తీసేసి మొదలుపెట్టాను. పాలకొల్లు వరుస దగ్గర చెయ్యి ఆగింది. దాటేసి మిగతావన్నీ ముందు పూర్తి చేశాను. చివరికి ఫోన్ చేశాను.

నమస్కారాలయ్యాయి. ఈసారి అన్ని డిస్కులూ నేనే చూశానని, రెండు కాపీలు తీస్తానని, పాతదాన్ని నెలదాకా ముట్టుకోనని వివరంగా చెప్పాను. "శనివారం చెయ్యమంటారా అండి?" అని అడిగాను.

"వద్దు," అన్నారు.

నేను ఆగాను. మా వైపు మాట అక్కడితో అయిపోదు. వద్దండి అంటారు, వద్దులెండి అంటారు, వద్దేమోనండి అంటారు. ఆ అండి కోసం ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని ఎదురుచూశాను. అటు నుంచి ఏమీ రాలేదు. పిల్లాడెవడో గోళీ డబ్బాలో వేసిన చప్పుడు మాత్రం వినపడింది.

"నా కాపీ నేను తీసుకున్నాక చెప్తాను. అప్పుడు చెయ్యండి," అన్నారు ఆవిడే.

"అలాగేనండి," అన్నాను.

షీట్‌లో ఆ గడికి ఎరుపు వేశాను. ఎరుపు వేస్తే పక్క గడిలో కారణం రాయాలి. చాలాసేపు కూర్చుని, "పోయినసారి కూడా వద్దనే అన్నారు" అని రాశాను. చదువుకుని, చెరపకుండా పంపేశాను.

అరగంటలో అడ్మినిస్ట్రేటర్ గారు పిలిచారు. పాత షీట్ తెరిచి పెట్టుకున్నారు. "పోయినసారి ఒప్పుకున్నారు అని ఉంది కదా?"

"అది ఆవిడ అన్నది కాదండి. నేను రాసింది."

అంతా చెప్పాను. మీ ఇష్టమండి అంటే ఏంటో, మంగళవారం ఏం చెరిపానో, పసుపు అక్షరాలు, "స్పష్టంగా" అన్న మాట. ఆయన మధ్యలో అడ్డురాలేదు. నాకు మెమో ఇచ్చారు, ఆవిడ మెమో తీసేయించారు. రాజమండ్రి కేంద్రానికి ఇన్‌ఛార్జి ఉన్నారు కాబట్టి దాని గురించి ఇప్పుడేం చెయ్యలేమన్నారు. ఆయనను తప్పు పట్టడానికి నాకేం లేదు.

ఆ మధ్యాహ్నమే ఆవిడకు ఫోన్ చేశాను. మెమో తీసేశారండి అని చెప్పాను. తప్పంతా నాదేనని అడ్మినిస్ట్రేటర్ గారికి చెప్పానన్నాను. ఇంత ఆలస్యంగా చెప్పినందుకు క్షమించమన్నాను. పర్లేదండి అంటారని నాకు లోపల నమ్మకముంది. ఆ మాట వినడం కోసమే ఫోన్ చేశానేమో కూడా.

"సరే," అన్నారు ఆవిడ. "ఇంకేమైనా ఉందా? గదిలో పాప కూర్చుని ఉంది."

ఏం లేదండి అన్నాను. ఫోన్ పెట్టేశారు.